హక్కు వేరు, వసూలు వేరు

"ఇన్సూరెన్సు లేని బండివాడు వచ్చి మన కారును గుద్దితే మరమ్మతు ఖర్చు ఎవరిస్తారండీ?" ఈ నెల టపాలో మూడు ఉత్తరాలు ఇదే ప్రశ్న మోసుకొచ్చాయి. ఒకటి ఖమ్మం నుంచి, ఒకటి అనంతపురం నుంచి, మూడోది సముద్రాలు దాటి అమెరికాలోని డల్లస్ నుంచి. ఖమ్మం సోదరుడి ఉత్తరం నిండా కోపం. అనంతపురం సోదరి ఉత్తరంలో కోపంకంటే సందేహం ఎక్కువ. డల్లస్ నుంచి వ్రాసిన అబ్బాయిది వింత. "మన దేశంలోనే ఇలా ఉంటుందనుకున్నాను, ఇక్కడా అంతేనా?" అంటాడు.

ముగ్గురికీ కలిపి ఇక్కడే జవాబు వ్రాస్తున్నాను. రేపు ఎవరి కారు ముందు ఎవరి బండి వచ్చి ఆగుతుందో ఎవరికి తెలుసు? కాబట్టి మిగతా పాఠకులకు కూడా పనికొస్తుంది.

చట్టం చెప్పే జవాబు ఒక్క ముక్క: తప్పు ఎవరిదో వాళ్ళే ఇవ్వాలి. బండి నడిపినవాడూ, ఆ బండి యజమానీ ఇద్దరూ బాధ్యులే. వాళ్ళకు ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ ఇస్తుంది, లేకపోతే సొంత జేబులోంచి ఇచ్చుకోవాలి. ఇంతవరకూ సందేహం లేదు. చిక్కంతా ఆ జేబు దగ్గరే వస్తుంది. ఏడాదికి కొద్దిపాటి ప్రీమియం కట్టలేకనో, కట్టడానికి మనసొప్పకనో ఊరుకున్న మనిషి దగ్గర మీ కారు బాగుచేయించే వేలకు వేలు సిద్ధంగా ఉంటాయా? చట్టం మీ చేతికి హక్కును ఇస్తుంది. ఆ హక్కును రూపాయలుగా మార్చుకోవడం వేరే విద్య. ఈ వ్యవహారంలో మీరు వేసే ప్రతి అడుగూ "నాకు హక్కు ఉందా?" అని కాక, "దీనివల్ల నాకు వసూలవుతుందా?" అని అడుగుకుని వెయ్యండి.

మన దేశంలో మోటారు బండికి ఎదుటివాళ్ళ నష్టం నిమిత్తం ఇన్సూరెన్సు ఉండి తీరాలన్న నిబంధన 1946 జులై 1 నుంచి అమల్లో ఉంది. స్వాతంత్ర్యం కంటే ఒక ఏడాది పెద్దదన్నమాట! 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా ఆ నిబంధనను అలాగే ఉంచింది. అయినా ఇన్సూరెన్సు లేని బండ్లు రోడ్లమీద తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకని? కొత్త బండి కొన్నప్పుడు షోరూంవాళ్ళే పాలసీ కట్టించి పంపుతారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళకూ, కొత్త స్కూటరుకు అయిదేళ్ళకూ ఒకేసారి థర్డ్ పార్టీ పాలసీ తీసుకోవాలన్నారు. ఆ గడువు తీరాక గుర్తుచేసేవారు ఉండరు. బండి చేతులు మారుతుంది, పాలసీ కాగితం ఏ డ్రాయరులోనో ఉండిపోతుంది. 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం మామూలు స్కూటరుకు, అంటే 75 నుంచి 150 సి.సి. లోపు దానికి, ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. నెలకు అరవై రూపాయలు! ఇద్దరు కలిసి హోటలుకు వెళ్తే కాఫీ, టిఫినులకు చాలని సొమ్ము.

ఆ థర్డ్ పార్టీ పాలసీ ఉండి ఉంటే ఏమయ్యేదో కూడా చెబుతాను. కారు పాలసీలో ఎదుటివాళ్ళ ఆస్తినష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల దాకా, స్కూటరు పాలసీలో లక్ష దాకా రక్షణ ఉంటుంది. అంటే అతను కట్టే ప్రీమియం మన కోసం కడుతున్నది. అతను కట్టకపోతే నష్టపోయేది ముందు మనం, తరువాత అతను.

సరే, గుద్దనే గుద్దాడు. అప్పుడేం చెయ్యాలి?

మొదటి అరగంట చాలా విలువైనది. మన అలవాటు ఏమిటంటే, ఆ అరగంటా కేకలకు ఖర్చుపెట్టేస్తాం. చుట్టూ జనం మూగుతారు, ఇద్దరు పెద్దమనుషులు తీర్పరులై వస్తారు, ఇంతలో గుద్దినవాడు మెల్లగా జారుకుంటాడు. అలా కాక, ఎవరికైనా దెబ్బలు తగిలాయేమో చూసుకుని, బండ్లను కదపకముందే ఫోనుతో ఫోటోలు తియ్యండి. రెండు బండ్లూ ఎక్కడెక్కడ ఉన్నాయో, రోడ్డు ఎంత వెడల్పో, ఎదుటి బండి నంబరు ప్లేటు ఏమిటో తెలిసేలా తియ్యండి. నడిపినవాడి లైసెన్సు, ఆర్.సి. చూసి ఫోటో తీసుకోండి. చూసినవాళ్ళలో ఒకరిద్దరి పేరూ ఫోను నంబరూ వ్రాసుకోండి. నంబరు కొడితే ఆ బండికి ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో ఎమ్‌పరివాహన్ అనే ప్రభుత్వపు యాప్‌లో అక్కడికక్కడే కనబడుతుంది. వాగ్వాదం అక్కరలేదు.

ఆర్.సి.లో ఉన్న పేరు చాలా ముఖ్యం. "బండి నేను అమ్మేశానండీ, నాకేం సంబంధం?" అనేవాళ్ళు ఉంటారు. సుప్రీంకోర్టు 2018లోనే తేల్చి చెప్పింది: రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉందో చట్టం దృష్టిలో అతనే యజమాని, పేరు మార్పించకుండా అమ్మేసి చేతులు దులుపుకుంటే కుదరదని. ఇది మీకు మేలు చేసే మాట. నడిపినవాడి జేబు ఖాళీ అయినా, ఆర్.సి.లో ఉన్నాయన కాస్త ఆస్తిపరుడు కావచ్చు. మీలో ఎవరైనా పాత స్కూటరు అమ్మి పేరు మార్పించకుండా ఉన్నట్టయితే ఇదే మాట హెచ్చరికగా తీసుకోండి!

తరువాత పోలీసు స్టేషను. "చిన్న గుద్దుడికి స్టేషనేమిటి?" అంటారు చాలామంది. డొక్కు పడ్డ బంపరుకు అక్కరలేదేమో గాని, వేలల్లో ఖర్చు కనబడుతుంటే ఫిర్యాదు ఇచ్చి తీరండి, నకలు తెచ్చుకోండి. ఇక్కడొక అపోహ తొలగించాలి. ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపితే మొదటిసారి రెండు వేలు జరిమానా, లేదా మూడు నెలల దాకా ఖైదు, లేదా రెండూ. రెండోసారి దొరికితే జరిమానా నాలుగు వేలు. ఖమ్మం సోదరుడు "అతనిచేత జరిమానా కట్టించాను, నా సొమ్ము మాత్రం రాలేదు" అని వ్రాశారు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. అందులో పైసా కూడా మీకు రాదు. శిక్ష ఒక దారి, పరిహారం ఒక దారి. రెండూ ఒకటే అనుకుని మొదటి దారి చివరిదాకా నడిచి, అక్కడ సొమ్ము లేదే అని వాపోతే ఏం లాభం?

అయితే పోలీసు ఫిర్యాదువల్ల వసూలుకు సాయపడే సంగతి ఒకటి ఉంది. ప్రమాదంలో ప్రాణనష్టంగాని, గాయాలుగాని, ఆస్తినష్టంగాని కలిగించిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేనప్పుడు, యజమాని తగిన జామీను ఇస్తేనే తప్ప ఆ బండిని వదలకూడదని నిబంధన. ఇవ్వకపోతే మూడు నెలల తరువాత వేలం వేయించి ఆ సొమ్మును ట్రిబ్యునల్లో జమ చేయాలి. 2018లో సుప్రీంకోర్టు ఈ నిబంధన అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాలని చెప్పింది. 2022 నాటి కేంద్ర నిబంధనల్లోనూ ఇది చేరింది. ఇన్సూరెన్సు లేనివాడికి వేరే ఆస్తి లేకపోయినా బండి ఉంది కదా! ఆ బండే మీకు హామీ. అది స్టేషను గేటు దాటి వెళ్ళిపోయాక వెతుక్కోవడం కష్టం.

ఇప్పుడు అసలు వ్యవహారం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా పినతల్లి కొడుకు తణుకులో ఉంటాడు. పిన్నికి మూత్రపిండాల జబ్బు. డయాలిసిస్ కోసం వారానికి రెండుసార్లు రాజమండ్రి తీసుకువెళ్ళాలి. ఆ కారు వాళ్ళకు షికార్లకు కాదు. 2025 ఏప్రిల్‌లో రైల్వే గేటు దగ్గర మావాడు కారు ఆపుకుని ఉంటే, ముందున్న ట్రాక్టరు తొట్టితో సహా వెనక్కి జారి వచ్చి కారు ముందు భాగాన్ని నుజ్జు చేసింది. అదృష్టం, మనుషులకు ఏమీ కాలేదు. ట్రాక్టరు ఇన్సూరెన్సు ముగిసి ఏడాదిన్నర. యజమాని కౌలు రైతు. దాళ్వా కోతల రోజులు. షెడ్డులో టింకరింగు, పెయింటింగు, సామాను అన్నీ కలిపి 64,000 రూపాయలు లెక్క వేశారు.

మావాడికి పూర్తి పాలసీ, అంటే సొంత కారు నష్టానికి కూడా వర్తించేది, ఉంది. "గుద్దింది వాడు. నా పాలసీలో నేనెందుకు తీసుకోవాలి?" అని మొదట మొండికేశాడు. ఆ పట్టుదల మంచిది కాదని నేనే చెప్పాను. మీకు పూర్తి పాలసీ ఉంటే మొదటి దారి అదే. ఆ సొమ్ము వారాల్లో వస్తుంది, ఎదుటివాడి సొమ్ము నెలల్లో వస్తుంది, ఒక్కోసారి ఏళ్ళలో. మీకు ఇచ్చిన మేరకు గుద్దినవాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి సంక్రమిస్తుంది. ఆ తగవు వాళ్ళు పడతారు. మీరు చేయవలసిందల్లా, వెంటనే కంపెనీకి కబురు చేసి, వాళ్ళ మనిషి వచ్చి చూసేదాకా కారును విప్పించకుండా ఉండడం.

కాని కంపెనీ మొత్తం ఖర్చు ఇవ్వదు. ఆ లెక్క చూడండి. ప్లాస్టిక్, రబ్బరు సామాను మీద సగం తరుగు తీస్తారు. మావాడి బంపరూ గ్రిల్లూ వగైరాలు 28,000, అందులో 14,000 తరుగు. ఇనుప సామానుకు కారు వయసును బట్టి తరుగు. మూడేళ్ళు దాటి నాలుగు నిండని కారుకు నూటికి పాతిక. బానెట్టూ పక్క రేకూ 16,000, అందులో 4,000 పోయింది. అద్దానికీ కూలికీ కలిపి 20,000, వాటి మీద కోత లేదు. ఇవి కాక పాలసీదారు విధిగా భరించవలసింది 1,000. ఈ మూడూ కలిపి 19,000 మావాడి నెత్తిన పడ్డాయి, కంపెనీ 45,000 ఇచ్చింది. పైగా క్లెయిము లేని ఏళ్ళకు ఇచ్చే తగ్గింపు ఉంటుందే, మూడేళ్ళకు నూటికి 35, నాలుగేళ్ళకు 45, అది వచ్చే ఏటికి సున్నా అయిపోయింది. అతని ప్రీమియం మీద అది 4,500. తరుగు లేకుండా ఇచ్చే అదనపు పాలసీ తీసుకున్నవాళ్ళకు ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇక కారు షెడ్డులో ఉన్న పద్ధెనిమిది రోజుల్లో పిన్నిని అయిదుసార్లు అద్దె కారులో రాజమండ్రి తిప్పినందుకు 9,000. ఆ రసీదులన్నీ దాచమని చెప్పాను, దాచాడు. అంతా కలిపితే 32,500.

గుద్దినవాడి దగ్గర రాబట్టవలసింది ఇదీ. 64,000 కాదు. ఒకే రూపాయిని కంపెనీ దగ్గర ఒకసారీ, ఎదుటివాడి దగ్గర ఒకసారీ అడగడానికి వీల్లేదు.

మావాడు ఉద్యోగస్థుడే కాని పెద్ద జీతగాడేమీ కాదు. ఆ నెల అతనికి చాలా ఇరుకైంది. ట్రాక్టరు స్టేషన్లో ఉంది. రైతు వచ్చి, "మీ సొమ్ము ఎగ్గొట్టనండి బాబూ. కోతలు అవనివ్వండి. బండి లోపలుంటే నా పంటే కాదండి, ఒప్పుకున్న పదెకరాలూ పోతాయండి" అన్నాడు. మావాడు వినే స్థితిలో లేడు. "మూడు నెలలు అలాగే ఉండనీ, వేలం వేయిస్తాను అక్కయ్యా" అని నాకు ఫోను చేశాడు. నేను జవాబు చెప్పేలోపల పిన్ని ఫోను అందుకుంది. "వాడితో నువ్వయినా చెప్పవే అమ్మాయ్. ట్రాక్టరు తిరగకపోతే అతనికి రాబడి ఏది? రాబడి లేనివాడు వీడికేం ఇస్తాడు? అలాగని ఊరికే వదలమనీ అనను. కాగితం లేకుండా వదలవద్దు" అంది.

ఎన్ని చట్టాల పుస్తకాలు తిరగేసినా ఇంతకంటే మంచి సలహా దొరకదు. మావాడి చేతిలో ఉన్న బలం ఆ బండి. దాన్ని తుప్పు పట్టనిస్తే ఇద్దరూ నష్టపోతారు. ఊరికే వదిలేస్తే ఒకరే, మావాడే, నష్టపోతాడు. రెంటికీ మధ్య దారి జామీను. రైతు బావమరిది జామీను నిలబడ్డాడు, మెజిస్ట్రేటు బండి వదిలారు, కోతలు సాగాయి.

డబ్బు సంగతి లోక్ అదాలత్‌లో పరిష్కారమయింది. దీన్ని గురించి మన వాళ్ళలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దావా వేయకముందే కూడా తగవును లోక్ అదాలత్‌కు తీసుకువెళ్ళవచ్చు. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. అక్కడ తెల్ల కాగితం మీద అర్జీ పెట్టుకుంటే ఎదుటివారికి నోటీసు పంపి ఇద్దర్నీ కూర్చోబెడతారు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే పరిష్కారం, బలవంతం ఏమీ లేదు. కాని ఒకసారి ఒప్పుకుని సంతకాలు పెట్టాక, 1987 నాటి చట్టం ప్రకారం అది సివిలు కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు. ఊరి పెద్దల ఎదుట వ్రాసుకున్న కాగితానికీ దీనికీ తేడా అదే. మాట తప్పితే ఊరి కాగితంతో మళ్ళీ దావా వేయాలి, ఈ కాగితంతో తిన్నగా అమలుకు వెళ్ళవచ్చు.

మావాడు 32,500 అడిగాడు. రైతు పదిహేను వేలంటే బేరం మొదలుపెట్టాడు. చివరికి 24,000కు కుదిరింది. ఆ రోజే ఆరు వేలు, ధాన్యం డబ్బు చేతికి వచ్చాక తక్కిన పద్ధెనిమిది వేలు. ఆ కాగితంలో ఒక వాక్యం పట్టుబట్టి వ్రాయించాము: "ఇది ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించని మొత్తానికి మాత్రమే; కంపెనీ హక్కులకు దీనితో సంబంధం లేదు" అని. ఈ వాక్యం మరిచిపోవద్దు. "నాకు రావలసిందంతా ముట్టింది" అని మీరు వ్రాసి ఇచ్చేస్తే, కంపెనీ తన హక్కును మీరు పోగొట్టారని మీ క్లెయిముకే అడ్డం తగలవచ్చు. రెండో వాయిదా పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చింది, అదే పదివేలు. అతని మీద పోలీసు కేసు మాత్రం దాని దారిన అది నడిచింది. డబ్బు రాజీతో అది రద్దు కాదని ముందే చెప్పాము, అతనూ ఒప్పుకున్నాడు.

రాజీ కుదరకపోతే? అప్పుడు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ఉంది. మనుషులకు దెబ్బలు తగిలితేనే అక్కడికి వెళ్ళాలని చాలామంది అనుకుంటారు. కాదు, మూడోవారి ఆస్తినష్టాన్ని కూడా ట్రిబ్యునల్ విచారిస్తుంది. నష్టం రెండు వేలు దాటితే మామూలు సివిలు కోర్టుకు వెళ్ళే ఎంపిక కూడా చట్టం మీకే ఇచ్చింది. ట్రిబ్యునల్‌కు వెళ్ళేవాళ్ళు మూడు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టాలి. ఈ గడువు న్యాయమా కాదా అన్న వాదన సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది గాని, ఆ వాదనను నమ్ముకుని చేతులు కట్టుకుని కూర్చోకండి. ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వెయ్యాలని లేదు, మీరు కాపురముండే ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. తప్పు ఎదుటివాడిదని మీరు రుజువు చేయాలి. ఫోటోలూ సాక్షులూ పనికొచ్చేది అప్పుడే. తగాదా పడ్డ సొమ్ము లక్షకు లోపు అయితే తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు లేదు. చిన్న మొత్తం గెలిచినవాణ్ణి పైకోర్టుల చుట్టూ తిప్పే అవకాశం అలా తగ్గింది. గెలిచాక కూడా అతను ఇవ్వకపోతే, మీరు అడిగితే ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్టు పంపుతుంది. కలెక్టరు ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేయవచ్చు.

ఇంత బలమైన చట్టం ఉండి కూడా, ఏమీ లేనివాడి దగ్గర కలెక్టరు మాత్రం ఏం జప్తు చేస్తారు? అందుకే దావాకు ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. నాకు రావలసింది ఎంత? అతనికి బండిగాని, భూమిగాని, నెల జీతంగాని ఉందా? వకీలుకూ, వాయిదాలకు పోయే సెలవులకూ నాకయ్యేది ఎంత? ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద వేసుకుంటే, కోపం చెప్పే సలహా కంటే మంచి సలహా ఆ కాగితమే చెబుతుంది.

ఈ లెక్క ప్రకారం ఖమ్మం సోదరుడికి నా సలహా: మీ కారును గుద్దింది సరుకు రవాణా వ్యాను, యజమానికి అటువంటివి మూడున్నాయని మీరే వ్రాశారు. మీ నష్టం నలభై వేలు, మీకు థర్డ్ పార్టీ పాలసీ తప్ప మరోటి లేదు కాబట్టి మీ కంపెనీ ఇచ్చేది ఏమీ లేదు. ప్రమాదం జరిగి మూడు నెలలే అయింది. వదలవద్దు. షెడ్డువాడి బిల్లు అంశాలవారీగా వ్రాయించుకుని, డబ్బు చెల్లించిన రసీదుతో సహా ఉంచుకోండి. మార్చిన పాత సామాను పారేయించకండి. ముందు రిజిస్టరు ఉత్తరం, తరువాత లోక్ అదాలత్, ఆపైన ట్రిబ్యునల్. జవాబు రాలేదని ఆరో నెల దాటనివ్వకండి.

అనంతపురం సోదరీ, మీ విషయం వేరు. మీ కారు తలుపు మీద గీత పెట్టింది హోటలు నుంచి ఇళ్ళకు భోజనం చేరవేసే కుర్రవాడు, పాత మోపెడు, పాలసీ లేదు. ఖర్చు ఆరు వేలు. "వదిలేస్తే నా చేతగానితనం అవుతుందా?" అని అడిగారు. కాదు. కోర్టుకు వెళ్తే మీకయ్యే ఖర్చు ఆరు వేలు దాటుతుంది, అతని దగ్గర వచ్చేది అందులో సగం కూడా ఉండదు. మీ పాలసీలో తీసుకున్నా, తరుగూ తగ్గింపూ పోను మిగిలేది స్వల్పమే కావచ్చు. ఏజెంటును అడిగి ఆ రెండు అంకెలూ పోల్చి చూడండి. ఆ కుర్రవాడు నెలకు వెయ్యి చొప్పున ఇస్తానన్నాడు కదా, ఇవ్వనివ్వండి. వ్రాతమూలకంగా ఒప్పుకోనివ్వండి. ఒక్క షరతు మాత్రం పెట్టండి: మొదటి నెల మీకిచ్చే వెయ్యి రూపాయలతో ముందు ఆ మోపెడుకు ఇన్సూరెన్సు కట్టి కాగితం తెచ్చి చూపమనండి. ఈసారి అతను గుద్దేది తలుపును కాక ఏ పిల్లవాణ్ణో అయితే, అప్పుడు ఇద్దరి బతుకులూ వీధిన పడతాయి.

ఇక డల్లస్ అబ్బాయి ప్రశ్న. అవును నాయనా, అక్కడా ఇన్సూరెన్సు లేకుండా తిరిగేవాళ్ళు ఉన్నారు. కాకపోతే టెక్సస్ చట్టం ఒక జాగ్రత్త చేసింది. ఇన్సూరెన్సు లేనివాడివల్ల మీకు కలిగే నష్టానికి మీ సొంత కంపెనీయే పరిహారం ఇచ్చే రక్షణను ప్రతి పాలసీతోనూ ఇవ్వజూపాలి. వద్దనుకుంటే మీరు వ్రాతపూర్వకంగా వద్దనాలి. అందులో కారు నష్టానికి మొదటి 250 డాలర్లు మీరు భరించాలి. చవకగా వస్తుందని ఎక్కడెక్కడ సంతకం పెట్టావో నీ పాలసీ తీసి చూసుకో. పెట్టకపోతే నీ సొమ్ము నీకు వచ్చే దారి నీ బీరువాలోనే ఉంది.

మూడు ఊళ్ళ కథల్లోనూ తేలింది ఒకటే. గుద్దినవాడి మంచితనం మీదా, కోర్టు తీర్పు మీదా ఆధారపడే సొమ్ము ఆలస్యంగానే వస్తుంది. ముందుగా అందేది మన పాలసీలో ఉన్నది. కారు ఇంటిల్లిపాదికీ అవసరమైనప్పుడు, ముఖ్యంగా ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు, థర్డ్ పార్టీ ఒక్కటీ కట్టి పొదుపు చేశామనుకోవడం చాలా ఖరీదైన పొదుపు.

ఈ వారం పత్రిక చదవడం ముగించాక సీరియల్ తరువాయి భాగం గురించి ఆలోచించేముందు, లేచి వెళ్ళి మీ బండి పాలసీ తీసి, మీద ఉన్న చివరి తేదీ చూడండి. ఆ తేదీని గోడమీద క్యాలెండరులో సున్నా చుట్టి ఉంచండి. మీ ఇంట్లో పనిచేసే డ్రైవరుకో, పాలు పోసే అబ్బాయికో బండి ఉంటే, వాళ్ళ తేదీ కూడా ఒకసారి అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.